పరుగులో హీరో... పాటలో గంధర్వుడు!

ఒకప్పుడు కారులో పాటంటే క్యాసెట్టే. టేపు చిక్కుకుందా... ఇక ప్రయాణమంతా మూకీ సినిమాయే!

2022లో మన దేశంలో విడుదలైన ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ ప్లస్ సంగతి చూడండి. 150 పీఎస్ ఇంజనుతో దూసుకుపోయే ఈ బండిలో ఎనిమిది స్పీకర్లు, 10.1 అంగుళాల తెర! తీగ లేకుండానే ఫోనులోని పాటలూ, దారి చూపే మ్యాపూ ఆ తెర మీదికొచ్చేస్తాయి. ముందు సీట్లలోంచి గాలి వీస్తుంటే, మండుటెండలో విజయవాడ ప్రయాణమైనా వీపుకి హాయే!

ఫోనొస్తే స్టీరింగు మీది బటన్ నొక్కితే చాలు. చేత్తో ఫోను పట్టుకు నడిపితే మాత్రం, 2019 చట్ట సవరణ ప్రకారం 5,000 రూపాయల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు.

అయితే ఒక్క మాట... చెయ్యి ఖాళీ అయినంత మాత్రాన మనసు ఖాళీ అయినట్టు కాదు. పాట వినండి, కబుర్లు మాత్రం బండి ఆపాకే!