కాఫీ నల్లగా ఉంటే బలమెక్కువా?

ఖానాపూర్‌లో చాయ్ తాగే ఇండ్లే ఎక్కువ. అయినా "నల్లని కాఫీ స్ట్రాంగ్ కదా సిస్టరమ్మా, తాగొచ్చా?" అని మమ్మల్ని అడిగేవారున్నారు.

కాఫీ పచ్చి గింజ లేత ఆకుపచ్చగా ఉంటుంది. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన మన అరకు కాఫీ అయినా అంతే. రంగు, రుచి వేయించుటను బట్టి వస్తాయి.

లేతగా వేయించినది: సుమారు 200 డిగ్రీల వేడిలో గింజ మొదటిసారి చిట్లగానే దించుతారు. గోధుమరంగు, కొంచెం పులుపు.

మధ్యరకం: పులుపు తగ్గి కమ్మని వాసన వస్తుంది.

ముదురుగా వేయించినది: రెండోసారి చిట్లాక దించుతారు. నలుపు, నూనె మెరుపు, చేదు.

పెరిగేది చేదే గాని కెఫీన్ కాదు. మూడింటిలోనూ అది దాదాపు సమానమే. చికోరీ కలిపినా డికాషన్ నల్లబడుతుంది, కాని చికోరీలో కెఫీన్ లేదు.

కాబట్టి రంగు చూడకండి, కప్పులు లెక్కపెట్టండి. గర్భిణీ స్త్రీలు రోజుకు రెండు చిన్న కప్పులు దాటవద్దు. చాయ్‌లోనూ కెఫీన్ ఉంది, దాన్నీ లెక్కలో కలపండి. నిద్ర పట్టనివారు సాయంత్రం మానండి.

ముఖ్యముగా, రక్తం తక్కువున్నవారు ఐరన్ గోళీని కాఫీతో గాని చాయ్‌తో గాని వేసుకోవద్దు. ఒంటికి ఇనుము సరిగా పట్టదు. రెండు గంటల తేడా ఉంచండి, నిమ్మరసంతో వేసుకోండి.

ప్రభువు మీ ఇంటిల్లిపాదికి ఆరోగ్యము దయచేయును గాక.