భూరూప విపర్యయం

పటంలోని లోయ కొండగాను, కొండ లోయగాను చూపరికి కనిపించే దృష్టిభ్రమను భూరూప విపర్యయం అంటారు. చదునైన కాగితం మీదగాని తెర మీదగాని ఎత్తుపల్లాల భావన కలిగించే ప్రధాన ఆధారం నీడ. వెలుగు పైనుంచే పడుతుందని మెదడు ముందుగానే ఊహించుకుంటుంది కనుక, నీడ కింది వైపున ఉన్న ఆకారాన్ని ఉబ్బుగాను, పై వైపున ఉన్నదాన్ని గుంటగాను గ్రహిస్తుంది. అందువల్లనే పటకర్తలు వెలుగు వాయవ్యం నుంచి, అంటే పటం ఎడమ పైమూల నుంచి పడుతున్నట్లుగా కొండలకు నీడలు దిద్దుతారు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎడ్వార్డ్ ఇమ్‌హోఫ్ (1895–1986) ఈ పనిని శాస్త్రంగాను, కళగాను కూడా ఉన్నత స్థాయికి తీసుకువెళ్లాడు.

ప్రకృతి ఈ నియమాన్ని పాటించదు. హిమాలయాలపై మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానే ఉంటాడు, ఉపగ్రహాలు ఉదయంపూట తీసే చిత్రాలలో నీడలు సాధారణంగా వాయవ్యానికి పడతాయి; దానితో నదీలోయలు శిఖరశ్రేణులుగా భ్రమింపజేస్తాయి. చిత్రాన్ని తలకిందులు చేస్తే భ్రమ తొలగుతుంది గాని, దక్షిణం పైకి వచ్చి దిక్కులు తారుమారవుతాయి.

ఇస్రో 2009లో ప్రారంభించిన భువన్ వంటి త్రిమితీయ పటాలలో చూపరి దృశ్యాన్ని తిప్పుతూ, వంచుతూ పరిశీలించగలడు కనుక ఈ పొరపాటు చాలావరకు తగ్గుతుంది. అయితే అక్కడ ముందున్న కొండ వెనుకనున్న ఊరిని కప్పివేస్తుంది, దూరం పెరిగేకొద్దీ కొలమానం కుంచించుకుపోతుంది, ఎత్తులను కొన్ని రెట్లు పెంచి చూపే నిలువు అతిశయం వల్ల సామాన్యమైన వాలు కూడా నిటారుగా తోస్తుంది. ఎత్తును ఎన్ని రెట్లు పెంచారో త్రిమితీయ పటం మీదనే స్పష్టంగా తెలపడం పటకర్తల కనీస బాధ్యత.