పురుగుకు దెబ్బ, మొక్కకు హెచ్చరిక

టమాటా, వంగ, బెండ తోటల్లో నీరూ ఎరువూ సక్రమంగా అందుతున్నా మొక్కలు గిడసబారి, పగటి ఎండకు వాడిపోతూ ఉంటే, వాటిని పెరికి చూసినప్పుడు వేళ్ల నిండా బుడిపెలు కనిపించడం కద్దు. ఇది వేరుబుడిపె నులిపురుగు చేసే హాని. కంటికి ఆననంత సన్నని పిల్లపురుగు వేరు కొస వద్ద లోపలికి చొరబడి, నోటిలోని సూదివంటి ముల్లుతో కణాల్లోకి స్రావాలను ఎక్కించి, వాటిని అనేక కేంద్రకాలున్న మహాకణాలుగా మారుస్తుంది. ఆడపురుగు అక్కడే స్థిరపడి, మొక్క ఆహారాన్ని పీలుస్తూ, జిగురు ముద్దలో వందలాది గుడ్లు పెడుతుంది.

ఈ పురుగును చంపడానికి వాడిన రసాయనాలు మనుషులనూ వదలలేదు. డీబీసీపీ అనే మందు తయారీలో పనిచేసిన కార్మికులకు సంతానలేమి కలిగినట్లు 1977లో కాలిఫోర్నియాలో బయటపడింది. అందుకే నేలలో సహజంగా ఉండే బ్యాక్టీరియాలపై, పురుగును దెబ్బతీసేందుకు అవి తయారుచేసే ప్రోటీన్లపై శాస్త్రవేత్తల దృష్టి నిలిచింది.

బీటీ పత్తి ద్వారా తెలుగు రైతులకు పరిచయమైన బాసిల్లస్ థురింజియెన్సిస్‌లో క్రై ప్రోటీన్ల కుటుంబం ఉంది. వాటిలో క్రై5బి నులిపురుగు పేగు కణాలపై ఉండే, చక్కెరలు అతికిన కొవ్వు అణువులకు అంటుకుని, కణపొరకు రంధ్రాలు చేస్తుంది. బాసిల్లస్ ఫర్మస్ దారి వేరు. అది స్రవించే సెప్1 అనే ప్రోటియేజ్, అంటే ప్రోటీన్లను ముక్కలు చేసే ఎంజైము, పురుగు పైతోలునూ పేగునూ కరిగిస్తుంది.

ఇలాంటి ఎంజైములను మొక్క కూడా పసిగట్టగలదని 2015లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. మొక్కకు రక్తంలో తిరిగే రక్షక కణాలు లేవు. ప్రతి కణమూ తన కాపలా తానే కాసుకోవాలి. సూడోమోనాస్ ఏరుగినోసా అనే బ్యాక్టీరియా స్రవించే ప్రోటియేజ్-4 తగలగానే ప్రయోగాల్లో వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో రక్షణ స్పందనలు మొదలయ్యాయి. అదే ఎంజైములో కోసే శక్తిని తీసివేస్తే మొక్క ఉలకలేదు. శత్రువు రూపాన్ని కాక, అది చేసే పనిని మొక్క గుర్తిస్తోందన్నమాట. ఇది నిజంగా అబ్బురపరిచే విషయం. ఈ బ్యాక్టీరియా నులిపురుగులనూ చంపగలదు గాని, మనుషులకు ప్రమాదకరమైన అంటువ్యాధులు తెస్తుంది కనుక పొలంలో చల్లడానికి ఏ మాత్రం తగదు.

మరి పొలంలో బుడిపెలు తగ్గితే, ఆ ఫలితం పురుగుకు తగిలిన దెబ్బదా, మేల్కొన్న మొక్కదా? దీన్ని తేల్చడానికి పరిశోధకులు ఒకే మొక్క వేళ్లను రెండు పాయలుగా చీల్చి, వేర్వేరు కుండీల్లో నాటి, ఒకదానిలో బ్యాక్టీరియాను, రెండోదానిలో పురుగులను వేస్తారు. బ్యాక్టీరియా తాకని పాయలోనూ పురుగులు తగ్గితే, రక్షణ సందేశం మొక్క గుండా ప్రయాణించినట్టే. బాసిల్లస్ ఫర్మస్‌లోని ఒక రకంతో ఇలా పరీక్షించినప్పుడు టమాటాలో ఆ రక్షణ కనిపించింది, కీరదోసలో కనిపించలేదు. మొక్కను మేల్కొల్పింది సెప్1 ఎంజైమేనని ఈ పరీక్ష నిరూపించదు. అయితే ఒక పంటలో నెగ్గిన బ్యాక్టీరియా అన్ని పంటల్లోనూ అలాగే పనిచేస్తుందని అనుకోరాదని మాత్రం స్పష్టం చేస్తుంది. కనుక జీవ నులిపురుగు మందు కొనే రైతు, దానిని ఏ పంట మీద, ఏ రకం పురుగు మీద పరీక్షించారో ముందుగా అడిగి తెలుసుకోవాలి.