పాత అత్తరు పరీక్ష

అత్తరు పాతబడినకొద్దీ గొప్పదవుతుందని లోకంలో ఒక నమ్మకం ఉన్నది. హైదరాబాదు పాతనగరంలో, చార్మినారు చుట్టుపక్కల అత్తరు కొనేవారిలో కూడ ఈ నమ్మకం కలదు. ఇందులో సత్యమెంతో, సందేహాస్పదమైన సీసాను ఎట్లా పరీక్షించవలెనో ఇక్కడ మనవి చేస్తాము.

తాతలనాటి పెట్టెలో వ్రాత చెరిగిన గాజుసీసా ఒకటి దొరికిందనుకొందాము. అడుగున కొద్దిగా తైలం ఉన్నది. అది అమ్మదగినదా, పెండ్లిలో అతిథులకు పూయదగినదా, పారవేయదగినదా?

ముందుగా అత్తరు తయారయ్యే తీరు తెలియవలెను. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పూలను నీటితో రాగి డేగులో మరిగిస్తారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే పాత్రను చేరి చల్లబడుతుంది. భప్కాలో ముందే పోసి ఉంచిన చందన తైలం పూల పరిమళాన్ని పట్టి నిలుపుతుంది. చందన తైలంలో అధికభాగం సాంటలాల్ అనే పదార్థాలు. అవి బహు మెల్లగా ఆవిరి అవుతాయి. అందువల్లనే చందనం పునాదిగా గల అత్తరు ఏండ్లు గడిచినా నిలుస్తుంది. ద్రవ పారఫిన్ వంటి చవక పునాదికి ఎన్నేండ్లు గడిచినా ఆ గుణం రాదు. పాశ్చాత్యుల తెల్ల ద్రాక్షాసవాల సంగతీ ఇంతే. వాటిలో కొన్ని మాత్రమే వయసుతో మెరుగవుతాయి. తక్కినవి గాలి సోకి గోధుమవన్నెకు తిరిగి రుచి చెడతాయి.

ఇక పరీక్షాక్రమం. మొదట మూత చూడవలెను. బిరడా వదులై తైలం మట్టం తగ్గి ఉంటే గాలి జొరబడినదన్నమాట. సీసా మూతి వద్ద వచ్చే తొలి వాసనను బట్టి తీర్పు చెప్పరాదు. అది ఏండ్ల తరబడి లోపల నిలిచిన గాలి. ఒక చుక్కను కాగితపు ముక్కపై వేసి వెంటనే, అరగంటకు, మరునాడు వాసన చూడవలెను. తొలుత ఘాటుగా ఉండి మరునాటికి ఏమీ మిగలకపోతే పునాదిని శంకించవలెను. మెత్తని చందనపు వాసన నిలిచి ఉంటే అది మంచి గుర్తు. మురిగిన నూనె వాసన వస్తే ఒంటికి పూయరాదు; గాలి సోకి మారిన పదార్థాలు చర్మానికి దద్దురు తేవచ్చును. నాలుకకు ఎన్నడూ తగిలించరాదు.

ఒక పాలు చందన తైలం ఐదు పాళ్ల 70 శాతం ఆల్కహాలులో కరుగుతుంది. పారఫిన్ కరగక తేలుతుంది. అయితే ఆల్కహాలులో కరిగే కల్తీలూ ఉన్నవి. విలువ పెద్దదైనప్పుడు ప్రయోగశాలలో గ్యాస్ క్రొమటోగ్రఫీ చేయించడమే సరైన మార్గం.

ఇంత జాగ్రత్త ఎందుకని అడగవచ్చును. శ్రీగంధపు చెట్టు 1998 నుండి అంతర్జాతీయ పట్టికలో ముప్పు పొందిన జాతిగా ఉన్నది. వస్తువు అరుదైనకొద్దీ పాతదనం పేరిట మోసం పెరుగుతుంది. ఖరీదైన పాత ద్రాక్షాసవాలంటూ నకిలీలను నింపి అమ్మిన రూడీ కుర్నియావాన్‌కు 2014లో న్యూయార్కు న్యాయస్థానం పదేండ్ల శిక్ష విధించింది. అక్కడ కొనుగోలుదారులు సీసాను నమ్మినారు.

కనుక అంగడిలో పాత అత్తరు కొనేవారు మరునాటి వాసనకే వెల కట్టవలెను. ఇంటి సీసా పరీక్షలో ఓడినా పారవేయనక్కరలేదు. పూయడానికి పనికిరాకున్నా, పెద్దల గుర్తుగా దాచుకొనడానికి అభ్యంతరం లేదు.