పెరటిలో నిలుచు నీరు

వాకిట ముగ్గు పెట్టి, గడపకు పసుపు రాయు మనము పెరటి వైపు అంత శ్రద్ధగా చూడము. అంట్ల నీళ్లు, స్నానపు నీళ్లు, చూరు నుండి జారు వాన నీళ్లు అన్నియు చేరునది మాత్రము అచ్చటికే. మాది కృష్ణా డెల్టాలోని పెంకుటిల్లు, నేల నల్లరేగడి. ఈ మన్ను ఎండకు నెఱ్ఱెలు విచ్చును. తడిసినంతనే ఉబ్బి, నెఱ్ఱెలు మూసికొని, నీటిని క్రిందికి దిగనీయదు. వానకాలమున మా పెరటి నడుమ నాలుగైదు దినములు చీలమండ లోతు నీరు నిలిచెడిది.

మూడేండ్ల క్రిందట నేనొక తెలివితక్కువ పని చేసితిని. పల్లమును పూడ్చిన చాలునని రెండు ట్రాక్టర్ల మన్ను తెప్పించి పోయించితిని. "నీరు ఎటు పోవునో చూడకయే మన్ను పోయింతువేమే అమ్మాయీ!" అని మా అత్తగారు వారించిరి, నేను వినలేదు. తొలివానకే ఆ నీరు వంటయింటి గోడ ప్రక్కకు వచ్చి చేరినది. గోడ చెమ్మగిలి, సున్నము పెచ్చులుగా రాలినది. నిండు కాపు మీదనున్న బొప్పాయి చెట్టు వారము తిరుగక మునుపే వడలి కూలినది. బొప్పాయి వేళ్లు నిలువనీటిని రెండు మూడు దినములకు మించి ఓర్వజాలవని అటుపిమ్మట తెలిసికొంటిని.

చెట్టు పోయినదాని కంటె దోమల భయమే నాకెక్కువయ్యెను. నిలిచిన నీటిలోని దోమ గ్రుడ్లు వారము పది దినములలో ఎగురు దోమలగును. మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ 1897లో కనుగొన్నది మన సికిందరాబాదులోనే. అయితే మురుగున పెరుగు దోమ వేరు. అది తెచ్చునది బోదకాలు. కోస్తా జిల్లాలలో ఆ వ్యాధి పెట్టిన బాధను పెద్దలెవరినడిగినను చెప్పుదురు.

మఱుసటి యేడు వాన కురియుచుండగా గొడుగు పట్టుకొని పెరటిలో నిలిచి, నీటి నడకను చూచితిని. ఈ పని ముందే చేసియున్న ట్రాక్టరు బాడుగ మిగిలియుండెడిది. సగము నీరు మా చూరు నుండియే పడుచున్నది! చూరు వెంబడి రేకు దోనె కట్టించితిమి. పిదప మేస్త్రీ నీరు నింపిన సన్నని గొట్టముతో మట్టము చూచి, గోడ నుండి పది అడుగుల దూరమునకు ఆరంగుళముల వాలు వచ్చునట్లు నేల సరిచేసెను. వాలు చివర కాలువ త్రవ్వించి, అడుగున కంకర పఱపించి, వీధి కాలువలో కలిపితిమి. పొరుగువారి ప్రక్కకు త్రిప్పిన ఖర్చు సగమగునని మేస్త్రీ అనెను గాని, మన నీటిని వారి పెరటిలోనికి తోలి మరల వారింటికి పేరంటమునకు ఏ మొగముతో పోదుము?

ఇంకుడుగుంత త్రవ్వించుకొనరాదా యని కొందఱడిగిరి. అడుగున్నర లోతు గుంట త్రవ్వి నీరు నింపుడు. అది ఇంకిన పిదప మరల నింపి చూడుడు. మఱునాటికిని దిగకున్న ఆ నేలలో ఇంకుడుగుంత దండుగ. మా నేల అట్టిదే. ఇసుక నేల గలవారు మూడడుగుల గుంటను ఇటుక ముక్కలతో నింపుకొనవచ్చును. బావికి ఏబది అడుగుల లోపల మాత్రము వలదు.

అంట్ల నీటిని మెట్టతామర వరుసకు పారించితిని. అది తడికి వెఱవదు; పైగా ఎఱ్ఱని పూలతో కన్నుల పండువుగా నుండును. వాన నీరు చేరు పల్లపు మూల చేమ నాటితిని. మల్లె, నిమ్మ, కరివేప మాత్రము అడుగున్నర ఎత్తు మడులలోనే. ఆ మడులకు పనికివచ్చినది నేను వృథాగా పోయించిన మన్నే. ఈ మాట చెప్పగా అత్తగారు నవ్వి ఊరకుండిరి.

మొన్నటి శ్రావణమున రెండు దినములు ఎడతెగని వాన పట్టినది. తెల్లవారి తలుపు తీసి చూతును గదా, గోడ ప్రక్కన తడియే గాని నీరు లేదు. చేమ మడి కడ మాత్రము అరచేయి లోతు గుంట యింకను మిగిలియున్నది. వచ్చు వేసవిలో దాని సంగతి చూడవలెను.