హోటలు, దాబా, మద్యం – చట్టం చెప్పేదేమిటి?

"కొట్లో డబ్బిచ్చి కొన్నదే కదా, దాబాలో కూర్చుని తాగితే తప్పేమిటి?" అని మమ్మల్ని చాలామంది అడుగుతుంటారు. గరిడేపల్లి నుండి సూర్యాపేటకో, కోదాడకో, మిర్యాలగూడకో వెళ్తూ దారిలో భోజనానికి ఆగేవారికి ఈ సందేహం సహజమే. అందుకే ఈసారి చట్టం సంగతి, దానితోపాటు ఆరోగ్యం సంగతి తెలుసుకుందాము.

మద్యంపై చట్టాలు చేసే అధికారాన్ని రాజ్యాంగం రాష్ట్రాలకు ఇచ్చింది. మన దగ్గర అమలులో ఉన్నది 1968 నాటి ఎక్సైజు చట్టం. 2014లో తెలంగాణ ఏర్పడిన తరువాత కూడా అదే కొనసాగుతోంది. దుకాణం లైసెన్సు వేరు, బారు లైసెన్సు వేరు. భోజనంతోపాటు మద్యం పోసి ఇవ్వాలంటే ఆ హోటలుకు బారు లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేని దాబాలో మద్యం అమ్మినా, అమ్మకానికి దాచినా నేరమే. ఊళ్లో కిరాణా కొట్టు చాటున నడిచే బెల్టు షాపుకు ఏ లైసెన్సూ ఉండదు. 21 ఏళ్లు నిండనివారికి ఎక్కడా అమ్మకూడదు.

నిల్వకు కూడా నిబంధనలున్నాయి. బారువారు సరుకును ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుండే తెచ్చుకోవాలి. సీసాకు ఎక్సైజు లేబులు ఉండాలి. అందులో వేరేది కలపడం నేరం. ఇది కేవలం పన్ను కోసం పెట్టిన నియమం కాదు. మిథైలు ఆల్కహాలు కలిసిన మద్యం తాగితే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. రంగు, రుచి చూసి దానిని గుర్తుపట్టలేము. తాగిన కొన్ని గంటలకు, ఒక్కొక్కసారి మరునాటికి, కళ్లు మసకబారడం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మిగిలిన సీసా ఉంటే అది కూడా తీసుకురండి.

రోడ్డు ప్రమాదాలను దృష్టిలో ఉంచుకొని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు రహదారుల పక్కన మద్యం అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. 2017లో వాటిని కొంత సడలించింది. దుకాణం ఎంత దూరంలో ఉన్నా, తాగినవారు బండి ఎక్కితే ప్రమాదం తప్పదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు మించితే మొదటిసారికే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కనుక తోడున్నవారు ముందుగానే బండి తాళం తీసుకోవాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ మద్యనిషేధాన్ని సడలించారు. చట్టం దుకాణాన్ని మూయగలదు. కానీ శరీరానికి పట్టిన అలవాటు ఒక్క ఆజ్ఞతో పోదు. దానికి వైద్యం కావాలి.

వార్డులో మేము తరచుగా చూసేది ఇదే. కాలు విరిగి చేరిన మనిషి మొదటి రోజు బాగానే మాట్లాడతాడు. మరునాటికి చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనిపిస్తున్నాయంటాడు, మంచం దిగి పారిపోబోతాడు. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. రోజూ తాగే మద్యం హఠాత్తుగా ఆగినందువలన వచ్చిన ప్రమాదకరమైన స్థితి. ముందే తెలిస్తే డాక్టరుగారు థయమిన్ అనే బి1 విటమిను, తగిన మందులు మొదలుపెడతారు. అందుకే చాలా ఏళ్లుగా రోజూ తాగేవారు ఇంట్లో ఒక్కసారిగా మానకుండా, వైద్యుల పర్యవేక్షణలో మానాలి.

సలహా కోసం 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

అమ్మలారా, అక్కలారా, మీవారిని ఆసుపత్రిలో చేర్చేటప్పుడు సిగ్గుపడి ఈ సంగతి దాచకండి. రోజుకు ఎంత తాగుతారు, చివరిసారి ఎప్పుడు తాగారు అని సిస్టరు అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పండి. మేము తప్పుపట్టడానికి అడగము. ఆ రాత్రి ఏ మందు ఇవ్వాలో, ఎంత కనిపెట్టి ఉండాలో తెలుసుకోవడానికే అడుగుతాము.