ఆట కాగితం

బడి వదిలారు. పిల్ల ఇంటికొచ్చింది. సంచిలోంచి ఒక కాగితం తీసింది. దాని మీద పాఠం లేదు. గళ్ళు ఉన్నాయి. పాములు ఉన్నాయి. నిచ్చెనలు ఉన్నాయి.

"ఏంటే ఇది?" అంది తల్లి.

"ఆటమ్మా. టీచరుగారు ఇచ్చారు. ఇంటి దగ్గర ఆడుకుని రమ్మన్నారు."

"చదువుకోమని పంపితే ఆటలు ఆడిస్తన్నారా?" అంది తల్లి.

మొగల్తూరులోనే కాదు, ఏ ఊళ్ళోనైనా చాలామంది తల్లులు ఇలాగే అడుగుతారు. అడగడం తప్పు కాదు. కూలికి పోయి, లేసు అల్లి, రొయ్యల షెడ్డులో నిలబడి పిల్లల్ని బడికి పంపుతున్నారు. బడిలో ఏం జరుగుతోందో తెలుసుకోవడం వాళ్ళ హక్కు.

మరి ఆటతో చదువు వస్తుందా? వస్తుంది. కానీ అన్ని ఆటలతోనూ రాదు. ఏ ఆటతో వస్తుందో, ఎందుకు వస్తుందో చూద్దాం.

పాత పటమే, కొత్త పని

వైకుంఠపాళి అందరికీ తెలుసు. శివరాత్రి జాగారం నాడు, ముక్కోటి నాడు పెద్దవాళ్ళు కూర్చుని ఆడేవారు. దాన్నే పరమపద సోపాన పటం అంటారు. సోపానం అంటే మెట్టు.

ఆ పటం ఊరికే ఆడుకోవడానికి వేసింది కాదు. నిచ్చెనలకి మంచి గుణాల పేర్లు ఉంటాయి. పాములకి చెడ్డ గుణాల పేర్లు, రాక్షసుల పేర్లు ఉంటాయి. మంచి చేస్తే పైకి, చెడు చేస్తే కిందికి. పుస్తకం పట్టని వాళ్ళకి కూడా ఆ పటం నీతి చెప్పింది. అంటే కాగితం మీద ఆట వేసి చదువు చెప్పడం మనకి కొత్త కాదు.

గుజరాత్‌లో గిజుభాయి అనే ఆయన ఉండేవారు. మొదట ప్లీడరు. తరువాత పంతులు అయ్యారు. 1920లో భావనగర్‌లో చిన్నపిల్లల బడి పెట్టారు. దాని పేరు బాల మందిరం. కొట్టకుండా, తిట్టకుండా, ఆటలతో, కథలతో చదువు చెప్పారు. పిల్లలు ఆయన్ని 'మీసాలున్న అమ్మ' అనేవారు. ఆయన రాసిన పుస్తకం తెలుగులో 'పగటి కల' అనే పేరుతో వచ్చింది.

మదనపల్లె దగ్గర ఏం చేశారు?

మన రాష్ట్రంలోనే మదనపల్లె దగ్గర రిషీ వ్యాలీ ఉంది. దాని చుట్టూ చిన్న చిన్న పల్లెలు. ఆ పల్లెల్లో ఒక గది, ఒక టీచరు. ఒకటో తరగతి నుంచి అందరూ ఆ గదిలోనే. ఒకళ్ళకి పాఠం చెబితే మిగతా పిల్లలు ఊరికే కూర్చోవాలి. వారం రోజులు బడి మానిన పిల్ల తిరిగి వస్తే పాఠం దాటిపోయి ఉంటుంది.

పద్మనాభరావు, రమ అనే దంపతులు దీనికి ఒక దారి వెతికారు. పాఠాల పుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డు మీద ఒక గుర్తు బొమ్మ వేశారు. గోడ మీద ఒక పెద్ద పటం పెట్టారు. అది చదువు నిచ్చెన. పిల్ల ఆ నిచ్చెనలో తాను ఏ మెట్టు మీద ఉందో చూసుకుంటుంది. ఆ మెట్టు మీద ఉన్న బొమ్మని బట్టి కార్డు తెచ్చుకుంటుంది. కొన్ని కార్డులు నేర్పేవి. కొన్ని ఆటలు. కొన్ని పరీక్షలు. ఒక మెట్టు పూర్తయితే పై మెట్టు.

ఇందులో పాము లేదు. నిచ్చెన ఒక్కటే. జ్వరం వచ్చి బడి మానినా, తిరిగి వచ్చాక ఆగిన మెట్టు నుంచే ఎక్కవచ్చు.

అక్కడ మెట్రిక్ మేళా కూడా జరుపుతారు. పిల్లలు చిన్న బజారు పెడతారు. తూకం వేస్తారు, కొలుస్తారు, డబ్బు లెక్క చెబుతారు. తల్లులు వచ్చి కొంటారు. తమ పిల్లకి లెక్క వచ్చిందో లేదో అక్కడే తెలిసిపోతుంది.

ఈ కార్డుల పద్ధతి తరువాత చాలా చోట్లకి వెళ్ళింది. 2003లో చెన్నై నగరపాలక బడుల్లో మొదలుపెట్టారు. తరువాత తమిళనాడు అంతటా ప్రభుత్వ బడులకి పాకింది.

అంకెలా? రంగులా?

అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే ఇద్దరు ఒక పరీక్ష చేశారు. ఆ ఫలితం 2008లో అచ్చయింది. బడిలో చేరకముందు వయసు పిల్లలు. పేద ఇళ్ళ పిల్లలు. వాళ్ళని రెండు జట్లు చేశారు.

మొదటి జట్టుకి 1 నుంచి 10 వరకు అంకెలు వేసిన గళ్ళ పలక ఇచ్చారు. రెండో జట్టుకి అలాంటి పలకే ఇచ్చారు. కానీ గళ్ళలో అంకెలు లేవు, రంగులు ఉన్నాయి. కాయ జరిపేటప్పుడు మొదటి జట్టు అంకె పైకి చెప్పాలి. రెండో జట్టు రంగు చెప్పాలి.

రెండు వారాల్లో నాలుగుసార్లు ఆడించారు. ఒక్కోసారి పావుగంట, ఇరవై నిమిషాలు. అంతే. అంకెల పలక ఆడిన పిల్లలకి లెక్క మెరుగయింది. తొమ్మిది వారాల తరువాత చూసినా మరిచిపోలేదు. రంగుల పలక ఆడిన పిల్లలకి ఆ లాభం రాలేదు.

రెండూ ఆటలే. రెండింటిలోనూ పిల్లలు కాయలు జరిపారు. తేడా ఎక్కడుంది? ఒక ఆటలో పిల్ల నోరు అంకె పలికింది. ఇంకో ఆటలో పలకలేదు. ఏ ఆటలో పిల్ల కన్ను అక్షరాన్ని చూస్తుందో, నోరు దాన్ని పలుకుతుందో, ఆ ఆటే చదువు. మిగతాది కాలక్షేపం.

తప్పితే భయం లేదు

నరసాపురం, మొగల్తూరు చుట్టుపక్కల ఆడవాళ్ళు లేసు అల్లుతారు. పువ్వు వెయ్యాలంటే కుట్లు లెక్క పెట్టాలి. లెక్క తప్పితే ఏం చేస్తారు? ఊడదీసి మళ్ళీ అల్లుతారు. అలా పదిసార్లు తప్పాకే చెయ్యి కుదురుతుంది.

అక్షరం కూడా అంతే. పదిసార్లు చదివితే గాని కుదరదు. పుస్తకంలో ఒకే మాట పదిసార్లు చదవమంటే పిల్లకి విసుగు. తప్పు చదివితే నలుగురిలో సిగ్గు. ఆటలో అయితే అదే మాట ఇరవైసార్లు చదువుతుంది. చదివినట్టే తెలియదు. తప్పితే ఒక వంతు పోతుంది. మళ్ళీ వంతు వస్తుంది.

భయం చదువుని చెడగొడుతుంది. అందుకే 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం బడిలో పిల్లల్ని కొట్టకూడదని చెప్పింది.

మూడో తరగతి దాటినా చదవడం రాని పిల్ల సంగతి ఆలోచించండి. నాలుగులో పాఠం అర్థం కాదు. ఐదులో వెనక బల్లలో కూర్చుంటుంది. ఒకరోజు "నేను బడికెళ్ళనమ్మా" అంటుంది. ఆడపిల్ల అయితే ఆ మర్నాటి నుంచే ఇంటి పనో, కూలి పనో. మళ్ళీ బడి ముఖం చూడడం కష్టం. అందుకే మూడో తరగతి అయ్యేలోపు ప్రతి పిల్లకీ చదవడం, లెక్క రావాలని 2021లో నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. పావుగంట ఆట చిన్నదే. కానీ అది ఆపే నష్టం చిన్నది కాదు.

ఇంట్లో ఆడదగిన ఆటలు

1. నూరు గళ్ళ ఆట. వైకుంఠపాళి పటం చాలు. పాచిక లేకపోతే నాలుగు గవ్వలు వేసుకోండి. అష్టాచెమ్మాలో లాగానే లెక్క. నాలుగూ వెల్లకిలా పడితే నాలుగు. నాలుగూ బోర్లా పడితే ఎనిమిది. కాయ 25లో ఉంది, మూడు పడింది అనుకోండి. "ఒకటి, రెండు, మూడు" అని జరపకూడదు. "ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది" అని గడిలో అంకె చదువుతూ జరపాలి. కిటుకు అంతా ఇక్కడే ఉంది.

2. జత ఆట. ఆరు బొమ్మలు, వాటి ఆరు పేర్లు. మొత్తం 12 ముక్కలు. పాత పెళ్ళి కార్డులు, అట్ట పెట్టెలు ముక్కలుగా కోసుకోవచ్చు. ముక్కలన్నీ బోర్లా పెట్టాలి. ఒకళ్ళు రెండు ముక్కలు తిప్పాలి. పేరు పైకి చదవాలి. చేప బొమ్మ, 'చేప' అనే మాట కలిస్తే జత వాళ్ళది. కలవకపోతే మళ్ళీ బోర్లా పెట్టాలి. చదవకుండా తీసుకుంటే జత చెల్లదు.

3. మాటల గళ్ళు. కింది గళ్ళలో మాటలు దాక్కున్నాయి. ఎడమ నుంచి కుడికి చూడండి. పై నుంచి కిందికి చూడండి.

ప | డ | వ | ఉ
చే | ప | క | ప్పు
కొ | బ్బ | రి | గ
వ | ల | స | ది

ఎనిమిది మాటలు దొరికితే గెలిచినట్టే. ఇంకా దొరికితే మరీ మంచిది. దొరికిన మాటల్ని పలక మీద రాయండి.

4. పదిహేను లెక్క. 1 నుంచి 9 వరకు అంకెలు. ఒక్కో అంకె ఒక్కసారే రావాలి. అడ్డంగా కూడినా, నిలువుగా కూడినా, మూల నుంచి మూలకి కూడినా 15 రావాలి. ఖాళీలు పూరించండి.

2 | 7 | …
9 | 5 | …
4 | … | 8

మూడు అంకెలు పెట్టడానికి, సరిచూడడానికి పిల్ల ఎన్ని కూడికలు చేస్తుందో చూడండి.

కాగితం ఎక్కడిది?

టీచరు ఇచ్చిన కాగితం ఒక్కటి చాలు. జిరాక్స్ తీయించవచ్చు. కాగితాన్ని అట్టకి మైదా జిగురుతో అంటిస్తే చాలా రోజులు ఉంటుంది. డబ్బు పెట్టక్కర్లేదు. పాత క్యాలెండరు అంకెలు కత్తిరించుకోవచ్చు. సబ్బు పెట్టె మీద, టీ పొడి పొట్లం మీద పేర్లు ఉంటాయి. అవీ చదివే మాటలే. గళ్ళు చేత్తో గీసినా ఆట ఆటే.

గుర్తు పెట్టుకోవలసినవి

ఆట కొత్త అక్షరాన్ని దానంతట అది నేర్పదు. ముందు ఎవరైనా నేర్పాలి. నేర్చినదాన్ని ఆట గట్టిపరుస్తుంది. కాబట్టి ఆట ఉందని పుస్తకం మానకూడదు.

ఎక్కువ తెలిసిన మాటలు, ఒకటి రెండు కొత్త మాటలు పెట్టాలి. అన్నీ కొత్తవైతే పిల్ల లేచిపోతుంది.

ఓడిన పిల్లని ఎగతాళి చెయ్యకూడదు. అన్న ఎప్పుడూ గెలుస్తుంటే చెల్లి ఆట మానేస్తుంది. ఇద్దరూ ఒక జట్టు అయి అమ్మ మీద ఆడితే సరి.

పావుగంట చాలు. పిల్ల ఇంకా ఆడదామంటుండగానే ఆపాలి. చివర రెండు మాటలు రాయించాలి.

బడికి వెళ్ళినప్పుడు టీచరుని ఇలా అడగవచ్చు. "టీచరుగారండీ, ఈ ఆటతో పిల్లకి ఏ అక్షరాలు వస్తాయండి?" మంచి టీచరుకి ఈ ప్రశ్న నచ్చుతుంది. జవాబు విని ఇంటి దగ్గర అవే అక్షరాలు ఆడించవచ్చు.

అమ్మకి కూడా

పెద్దయ్యాక అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళకి ఒక బెంగ ఉంటుంది. చదవకపోతే నేర్చిన అక్షరం మరుగున పడుతుంది. వాడని బిందెకి చిలుము పట్టినట్టే. రోజూ పుస్తకం పట్టుకోవడానికి తీరిక ఉండదు. వంట అయ్యాక పిల్లతో ఒక్క ఆట ఆడితే ఇద్దరి చదువూ నిలుస్తుంది.

పిల్ల చదివిన మాట తప్పో ఒప్పో చెప్పాలంటే అమ్మ కూడా చదవాలి కదా. తడుముకున్నా సిగ్గు పడక్కర్లేదు. అమ్మ కూడా కూడబలుక్కుని చదవడం చూస్తే పిల్లకి ధైర్యం వస్తుంది. చదువు అంటే తప్పులు దిద్దుకుంటూ పోవడమే అని తెలుస్తుంది.

చేసి చూడండి

మీ ఇంట్లో ఉన్న ఆరు వస్తువుల పేర్లు ఆరు ముక్కల మీద రాయండి. ఆ ముక్కలు పిల్లకి ఇచ్చి, చదివి ఆ వస్తువు దగ్గర పెట్టమనండి. రేపు ఇంకో ఆరు.

జవాబులు: మాటల గళ్ళలో పడవ, చేప, కప్పు, కొబ్బరి, వల, వలస, ఉప్పు, గది. పదిహేను లెక్కలో మొదటి వరుస ఖాళీ 6, రెండో వరుస ఖాళీ 1, మూడో వరుస ఖాళీ 3.